రోగి మూడు గంటలు బయట, నాలుగు నిమిషాలు లోపల: క్లినిక్ కౌంటరులో ముందు ఏది మార్చాలి?

రాయగడ_కౌంటర్ అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. ఒడిశాలోని రాయగడలో ఒక ఫిజీషియన్ గారి క్లినిక్‌లో ఆఫీసు పని కొత్తగా నా చేతికి వచ్చింది. డాక్టరు ఒక్కరే. పొద్దున 9 నుంచి 1:30 దాకా ఓపీ, సాయంత్రం ఇంకో రెండు గంటలు. పొద్దున పూట 60, 65 చీటీలు పడతాయి, సంత రోజు ఇంకా ఎక్కువ. కౌంటరులో ఒకరు, బీపీకీ ఇంజెక్షన్లకీ ఒక సిస్టరు, వెనకాల చిన్న ల్యాబ్, ముందు మందుల షాపు. వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ చెరిసగం. కొండ ఊళ్ళ నుంచి కువి (కోందుల భాష) మాట్లాడేవాళ్ళు వస్తారు. పార్వతీపురం వైపు నుంచి రైలెక్కి వచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఇబ్బంది ఏంటంటే, ఏడింటికే వచ్చి చెప్పులు వరసలో పెడతారు. పదకొండైనా సగం మంది బయటే ఉంటారు. లోపలికి వెళ్ళినవాళ్ళు మాత్రం నాలుగైదు నిమిషాల్లో వచ్చేస్తారు. పాత ఫైలు దొరకదు, ఒకే మనిషికి మూడేసి నంబర్లుంటాయి. రిపోర్టు పట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాళ్ళకీ టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళకీ రోజూ గొడవే. ఒంటిగంటన్నరకి అయిపోవాల్సిన ఓపీ మూడున్నర దాటుతోంది.

"నువ్వు కొత్తగా వచ్చావు కదా, మాకు అలవాటైపోయినవి నీకు కనిపిస్తాయి, ఏది మార్చాలో చెప్పు" అన్నారు డాక్టరు గారు. ఇరవై వేల దాకా ఖర్చు పెడతారట. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు ఇద్దరు ఇప్పటికే వచ్చి వెళ్ళారు. సాఫ్ట్‌వేర్ కొనాలా, ఇంకో మనిషిని పెట్టుకోవాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జయపురం_అడ్మిన్ జవాబు:

ప్రస్తుతానికి రెండూ వద్దండీ. ముందు చీటీ మీద టైము రాయించండి. ప్రతి మూడో చీటీ వెనకాల నాలుగు గళ్ళు గీయండి: చీటీ రాసినప్పుడు, బీపీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, డాక్టరు గదిలోకి వెళ్ళినప్పుడు, మందులు తీసుకుని గుమ్మం దాటినప్పుడు. ఏ బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ఆ గడి నింపాలి. రిపోర్టు చూపించడానికి రెండోసారి లోపలికి వెళ్తే ఐదో గడి. మామూలు రోజు ఒకటి, సంత రోజు ఒకటి చాలు. అందరికీ రాయాలని పెట్టుకుంటే పదింటికల్లా సిస్టరు విసుగొచ్చి అన్నీ ఒకేసారి అంచనాగా నింపేస్తుంది, ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. 9 నుంచి 1:30 అంటే 270 నిమిషాలు. 65 మందికి తలా 5 నిమిషాలు అంటే 325. అందులో 30 మంది రిపోర్టుతో మళ్ళీ లోపలికి వస్తారనుకోండి, తలా రెండున్నర చొప్పున ఇంకో 75. మొత్తం 400 నిమిషాలు. 9కి మొదలైతే 3:40కి ముగుస్తుంది. మీరు చెప్పిన మూడున్నర ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా. టోకెన్ మెషీన్ పెట్టినా ఈ 400 తగ్గదు, కూర్చునేవాళ్ళ వరస మాత్రం అందంగా కనిపిస్తుంది.

కాబట్టి తలుపు లోపల ఆ 5 నిమిషాలూ దేనికి పోతున్నాయో చూడాలి. డాక్టరు గారి అనుమతితో గదిలో ఓ మూల పూటంతా కూర్చోండి. పేషెంటు కుర్చీలో కూర్చుంటాడు, సంచిలోంచి పాలిథిన్ కవరు తీస్తాడు, అందులో నాలుగు ఊళ్ళ చీటీలు, మడత పెట్టిన ఎక్స్‌రే, ఖాళీ స్ట్రిప్పులు. ఏది కొత్తదో డాక్టరే ఏరుకోవాలి. "ఈ గోలీ వేసుకుంటున్నావా?" అంటే "తెల్లగా చిన్నది ఒకటి వేసుకుంటున్నా" అంటాడు. ఈ ఏరుడు డాక్టరు చేసే పని కాదు. బీపీ బల్ల దగ్గరే తేదీల వరసలో పెట్టి, అన్నిటికన్నా కొత్తది పైకి తెచ్చి క్లిప్పు పెట్టాలి. వేసుకుంటున్న మందుల పేర్లు స్ట్రిప్పు చూసి ఒక చీటీ మీద రాయాలి. ఒకటే ప్రశ్న అడగాలి, "ఇవాళ దేనికోసం వచ్చారు?" జవాబు వాళ్ళ మాటల్లోనే ఒక లైను. ఇంతే చేస్తే మనిషికి నిమిషం నుంచి నిమిషంన్నర దాకా మిగులుతుంది. వినే టైము కొయ్యకండి, వెతుక్కునే టైము కొయ్యండి.

65 మందికి మూడున్నర చొప్పున 228 నిమిషాలు. రిపోర్టుతో రెండోసారి వచ్చేవాళ్ళని 15కి తగ్గించగలిగితే, తలా 2 చొప్పున 30. మొత్తం 258. ఒంటిగంటన్నరలోపు సరిపోతుంది. రెండోసారి రావడం ఎలా తగ్గించాలో ల్యాబ్ వాళ్ళు చెబితే బాగుంటుంది, అది నా పని కాదు.

చెప్పుల వరస మానిపించాలంటే గంట గంటకి టోకెన్లు విడగొట్టండి. మూడున్నర నిమిషాల లెక్కన గంటకి 17 మంది పడతారు. మీరు 14 మాత్రమే ఇవ్వండి, మిగతా మూడు చోట్లూ అత్యవసరాలకీ రిపోర్టులకీ. "10:20కి రండి" అని కచ్చితమైన టైము ఇక్కడ నడవదు. "పది నుంచి పదకొండు లోపల" అంటే నడుస్తుంది. బస్సు, రైలు చూసుకుని పంచండి: దూరం ఊళ్ళ వాళ్ళు తొలి బస్సుకి దిగుతారు, తిరుగు బస్సు తప్పితే రాత్రికి ఉండిపోవాల్సిందే. వాళ్ళకి 9 నుంచి 11. టౌనువాళ్ళకి 11 తర్వాత. ఇది బోర్డు మీద మూడు భాషల్లో రాసి పెట్టకపోతే మాత్రం "డబ్బులు తీసుకుని ముందు పంపిస్తున్నారు" అనే మాట పుడుతుంది.

తొమ్మిదింటికి ఇద్దరిని ఒకేసారి సిద్ధంగా ఉంచండి, ఆ తర్వాత ఒక్కొక్కరినే. 1952లో బెయిలీ, వెల్చ్ అని ఇద్దరు ఆసుపత్రి ఓపీల మీద లెక్కలు కట్టి చెప్పిన పద్ధతి ఇది. మొదటి పేషెంటు ఆలస్యమైతే డాక్టరు ఖాళీగా కూర్చోరు, బయట గుంపూ పెరగదు.

ఇంకో లెక్క. గంటకి 14 మంది వస్తూ, ఒక్కొక్కరు 3 గంటలు ఉంటే మీ వరండాలో ఎప్పుడు చూసినా 42 మంది రోగులుంటారు. తోడు వచ్చినవాళ్ళతో రెట్టింపు. గంటంపావులో పంపేస్తే 17, 18 మందే. అదనంగా బెంచీలు కొనే పని లేదు.

ఆయాసం, గుండె నొప్పి, ఫిట్స్, మాట తడబడటం, గర్భిణికి రక్తస్రావం, మగతగా ఉన్న పిల్లలు: వీళ్ళకి టోకెనే వద్దు. కౌంటరు మనిషి లేచి లోపలికి తీసుకెళ్ళాలి. ఈ జాబితా డాక్టరు గారి సంతకంతో కౌంటరు అద్దానికి లోపలి వైపు అంటించండి.

పర్లాకిమిడి_రికార్డ్స్ జవాబు:

ఒకే మనిషికి మూడు నంబర్లు ఎందుకొస్తాయో చెప్తాను. సరిహద్దులో ఇది మామూలే. పాత చీటీలో మజ్జి సీతమ్మ, ఆధార్‌లో సీత మజ్జి, ఒడియా రాసేవాళ్ళు కౌంటరులో కూర్చున్నరోజు సీతా మాఝి. తెలుగువాళ్ళు ఇంటిపేరు ముందు చెప్తారు, ఒడియావాళ్ళు చివర. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే ఊళ్ళో ఒక ఫోను మీద ఐదుగురు పేషెంట్లు, పైగా సిమ్ మారుస్తుంటారు. అందుకే పేరుతో గానీ ఫోనుతో గానీ ఫైలు వెతికే పద్ధతి పెట్టుకోకూడదు. నంబరు ఒక్కటే తాళంచెవి. అది పేషెంటు దగ్గర ఉండాలి.

విజిటింగ్ కార్డు సైజు అట్టముక్క, ల్యామినేషన్ చేయించండి. ఒక మూల చిల్లు పెట్టి దారం కట్టివ్వండి, రేషన్ కార్డుతో కలిపి ఉంచుకుంటారు. దాని మీద ఓపీ నంబరు పెద్ద అక్షరాలతో, పేరు, పుట్టిన సంవత్సరం. వయసు రాయకండి, ఏడాదికోసారి తప్పయిపోతుంది. పుట్టిన ఏడు తెలియకపోతే అంచనా సంవత్సరం రాసి పక్కన సుమారు అని గుర్తు పెట్టండి. కార్డు తేనివాళ్ళ కోసం ఒక రిజిస్టరు: ఊరు వారీగా పేజీలు, అందులో పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన సంవత్సరం, ఓపీ నంబరు. ఊరి పేరుతో వెతికితే ఇరవై, ముప్పై పేర్లలో మనిషి దొరికిపోతాడు. పేరుతో వెతికితే సీతమ్మలే యాభై మంది తేలతారు. ఫోన్ గడి పక్కన "ఎవరిది" అని ఇంకో గడి తప్పకుండా ఉంచండి: కొడుకుదా, ఆశా కార్యకర్తదా, పక్కింటివాళ్ళదా.

ఫైళ్ళు అరలో ఎలా పెట్టాలన్నది అసలు విషయం. 1, 2, 3 వరసలో పెడితే కొత్తవన్నీ చివరి అరలోనే పడతాయి, అక్కడే రోజంతా తోపులాట. పాతవి తీసి ముందుకి జరుపుకుంటూ ఉండాలి. దానికి బదులు చివరి రెండు అంకెలతో పెట్టండి. నంబరు 012437 అయితే 37వ గదిలోకి. అరల్లో 00 నుంచి 99 దాకా వంద గదులు. కొత్త ఫైళ్ళు అన్ని గదుల్లోకీ సమానంగా పడతాయి, ఏ గదీ ముందు నిండిపోదు. గది లోపల మాత్రం ముందు అంకెల వరసే.

రంగు టేపు పది రంగులు కొనండి, 0 నుంచి 9కి ఒక్కో రంగు. ఫైలు అంచున చివరి రెండు అంకెలకి రెండు పట్టీలు. 3కి ఎరుపు, 7కి ఆకుపచ్చ అనుకుంటే 37వ గది మొత్తం ఎరుపు, ఆకుపచ్చ చారలే కనపడాలి. 73 ఫైలు పొరపాటున అందులో పడితే ఆకుపచ్చ పైన, ఎరుపు కింద అయ్యి చూడగానే తెలిసిపోతుంది. ఎన్నో ఏళ్ళ ఫైళ్ళు ఒక్కసారి మార్చాలని కూర్చోకండి. ఇవాళ వచ్చిన పేషెంటు ఫైలు ఇవాళ కొత్త పద్ధతిలోకి, రానిది పాత అరలోనే. ఏడాది తిరిగేసరికి నడుస్తున్న ఫైళ్ళన్నీ ఇటు వచ్చేస్తాయి, అటు మిగిలినవి నడవనివి.

ఫైలు బయటికి తీసిన చోట అదే సైజు అట్ట పెట్టండి, దాని మీద నంబరు, తేదీ, ఎక్కడికెళ్ళింది: డాక్టరు గదా, ల్యాబా. ఫైలు దొరకలేదని వినపడే రోజుల్లో సగం సార్లు ఫైలు పోలేదు, డాక్టరు గారి బల్ల కింది సొరుగులో ఉంటుంది.

ఎన్నాళ్ళు దాచాలంటే, 2002 నాటి ఇండియన్ మెడికల్ కౌన్సిల్ నియమాల్లో చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్ళని ఉంది. అది అడ్మిట్ అయిన రోగుల రికార్డుల గురించి రాసింది, ఓపీకీ అదే కొలత పెట్టుకోవడం మంచిది. రోగి గానీ అధికారం ఉన్నవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కోర్టు కేసు నడుస్తున్నవి, పిల్లలవి అంతకన్నా ఎక్కువే దాచండి.

ఆభా (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పే ఉంటారు. 14 అంకెల నంబరు. కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ అంటిస్తే పేషెంటు తన ఫోనుతో స్కాన్ చేసి వివరాలు పంపుతాడు, టోకెన్ వస్తుంది. పేరు తప్పు రాయడం పోతుంది, అది మంచిదే. దానికి ముందు క్లినిక్‌ని ప్రభుత్వ ఆరోగ్య సంస్థల రిజిస్ట్రీలో నమోదు చేసుకోవాలి. కానీ ఆభా స్వచ్ఛందం, లేదని ఎవర్నీ వెనక్కి పంపకూడదు. స్మార్ట్ ఫోను ఉన్న టౌనువాళ్ళకి వాడండి, రిజిస్టరులో దానికో గడి పెట్టండి, అంతే. మీ ఓపీ నంబరు మాత్రం మానకండి.

కోరాపుట్_ఐటీ జవాబు:

పైవాళ్ళు చెప్పింది కాదనను, అయినా కంప్యూటర్ని మరీ తోసెయ్యకండి. ఊరి వారీ రిజిస్టరునే ఎక్సెల్‌లో పెట్టుకుంటే ఊరు, పేరు, పుట్టిన సంవత్సరం దేనితోనైనా వెతుక్కోవచ్చు, కంప్యూటర్లో ఎక్సెల్ ఉంటే వేరే ఖర్చు లేదు. సాఫ్ట్‌వేర్ కొనే రోజు వస్తే అమ్మేవాళ్ళని మూడు అడగండి: నెట్ లేకపోయినా నడుస్తుందా, నా డేటా మొత్తం ఎక్సెల్‌గా నేనే ఎప్పుడైనా దింపుకోవచ్చా, ఏడాది తర్వాత ఫీజు ఎంత. రెండోదానికి నీళ్ళు నమిలితే అక్కడితో ఆపేయండి. వానాకాలం కరెంటు సంగతి మీకు చెప్పేదేముంది, యూపీఎస్ లేకుండా ప్రిస్క్రిప్షన్ ప్రింటరు పెట్టకండి.

గునుపూర్_ల్యాబ్ జవాబు:

రెండోసారి లోపలికి రావడం తగ్గించే మాట అడిగారు కాబట్టి.

రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుందో ముందు తెలుసుకోవాలి. మెషీన్ నెమ్మది కావడం అరుదు. సాదా ట్యూబులో తీసిన రక్తం గడ్డకట్టడానికి 30 నిమిషాలు, సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు, ఆ తర్వాతే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) లాంటివి మొదలవుతాయి. తొందరపడి పది నిమిషాలకే తిప్పితే సీరంలో పీచులా ఫైబ్రిన్ వచ్చి మెషీన్ గొట్టంలో అడ్డుపడుతుంది, అప్పుడు గంట పోతుంది. ఇవి తగ్గించలేం. తగ్గించగలిగింది ఇంకొకటుంది: "పది శాంపిళ్ళు కానివ్వు, కలిపి పెడదాం" అనే అలవాటు. 9:10కి రక్తం ఇచ్చినవాడు పదో మనిషి కోసం 10:30 దాకా ఆగుతాడు. శాంపిళ్ళ సంఖ్యతో కాకుండా గడియారంతో నడపండి: 8, 9:30, 11. ఉన్నవి రెండే అయినా ఆ టైముకి పెట్టేయాలి. కాస్త రీఏజెంట్ (పరీక్ష రసాయనం) ఎక్కువ పోతుంది, పోనీండి.

రెండోది, షుగరు, బీపీ పాత పేషెంట్లకి డాక్టరుని చూడకముందే పరీక్ష అయిపోవాలి. డాక్టరు గారు క్రితంసారి ఫైలు చివర "వచ్చేసారి ముందే చేయించాల్సినవి" అని రాసి సంతకం పెడితే చాలు. పేషెంటు పరగడుపున వచ్చి 7:30కి రక్తం ఇచ్చి, టిఫిను చేసి, రిపోర్టుతోనే మొదటిసారి లోపలికి వెళ్తాడు. ల్యాబ్ వాళ్ళు సొంతంగా పరీక్షలు రాయడం మాత్రం వద్దు, అది బిల్లు పెంచే దారి అవుతుంది. షుగరుకి ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత ట్యూబే వాడండి. సాదా ట్యూబులో వదిలేస్తే కణాలే గ్లూకోజ్ తినేస్తాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా అంకె పడిపోతుంది. తిన్న తర్వాత షుగరు అంటే తినడం మొదలుపెట్టిన క్షణం నుంచి 2 గంటలు, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఆ టైము చీటీ మీద రాసివ్వండి.

మన జిల్లాల్లో జాగ్రత్త పడాల్సింది హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) దగ్గర. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళ ఎర్రకణాలు త్వరగా చచ్చిపోతాయి, అంకె నిజం కన్నా తక్కువ చూపిస్తుంది. షుగరు అదుపులో ఉందనుకుని మందు తగ్గించేస్తారు. వాహకుల్లో (జబ్బు లేకుండా ఆ జన్యువు ఒకటే ఉన్నవాళ్ళలో) అయితే మెషీన్ ఏ పద్ధతిలో పనిచేస్తుందన్నదాన్ని బట్టి తేడా వస్తుంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్ష చేయించుకున్నవాళ్ళ దగ్గర కార్డు ఉంటుంది. బీపీ బల్ల దగ్గరే అడిగి, ఫైలు అట్ట మీద పెద్దగా రాయండి. అలాంటివాళ్ళకి పరగడుపు, తిన్న తర్వాత షుగర్లే ఆధారం.

జ్వరం కేసులు: చలితో జ్వరం అంటే డాక్టరు గారు ముందే రాసిచ్చిన ఆదేశం మీద బీపీ బల్ల దగ్గరే మలేరియా కిట్ పెట్టేయొచ్చు. ఫలితం 15, 20 నిమిషాల్లో వస్తుంది, ఎలాగూ కూర్చునే టైమే కదా. పౌచ్ ముందుగా చింపి పెట్టుకోకూడదు, మన వానాకాలం తేమకి స్ట్రిప్పు పాడవుతుంది. బఫర్ చుక్కలు పెట్టెలో రాసినన్నే, ఒక కంపెనీవి ఇంకో కంపెనీ కిట్‌కి వాడకూడదు. అరగంట దాటాక చూసిన గీత లెక్కలోకి రాదు. ఈ మధ్యే మలేరియాకి మందు వాడాడా అని తప్పకుండా అడగండి: కిట్‌లో ఫాల్సిపరం (ఒక మలేరియా రకం) గీత మందు పనిచేసి జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు రక్తం స్లైడు మైక్రోస్కోపులో చూడాలి.

ట్యూబు మీద పేరు రక్తం తీశాక, పేషెంటు ఎదురుగానే రాయాలి. పేరు, ఓపీ నంబరు, రెండూ. ముందే పది ట్యూబులకి పేర్లు రాసి పెట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే ఆపించండి. ఇద్దరు సీతమ్మల రక్తం తారుమారయ్యేది సరిగ్గా అక్కడే.

బీపీ గురించి కూడా ఒక ముక్క. తోపులాటలో నిలబడి ఉన్నవాణ్ణి లాగి కూర్చోబెట్టి, మాట్లాడుతూ చూస్తే అంకె ఎక్కువొస్తుంది, డాక్టరు గారు లోపల మళ్ళీ చూస్తారు, రెండు నిమిషాలు పోతాయి. బల్లకి ముందు మూడు కుర్చీలు వేయండి. ఐదు నిమిషాలు కూర్చున్నవాళ్ళకే చూడాలి. పాదాలు నేలకి ఆని, వీపు కుర్చీకి ఆని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద. లావు చేతులకి పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) ఒకటి కొనండి, మీ ఇరవై వేలలో అన్నిటికన్నా ముందు కొనాల్సింది అదే.

మందుల_షాపు_బరంపురం జవాబు:

క్లినిక్ బయటికి వచ్చాక జరిగేది ఎవరూ రాయలేదు. చీటీ అర్థంకాక తిరిగి డాక్టరు తలుపు తట్టేవాళ్ళు కూడా మీ గుంపులో భాగమే.

1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) అని రాస్తే చదువుకున్నవాళ్ళకే తికమక. మందు కవరు మీద ఉదయించే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో రబ్బరు స్టాంపు చేయించండి, కింద ఎన్ని గోలీలో గుండ్రాలు గీయండి. అన్నం ముందా, తర్వాతా అన్నదానికి ఖాళీ కంచం, నిండు కంచం. నోటితో చెప్పేటప్పుడు ఒడియావాళ్ళకి సకాళ, రాతి అంటే చాలు. కువి వాళ్ళకి తోడొచ్చినవాళ్ళకే చెప్పి ఊరుకోకండి, రోగి చేతికే కవరు ఇచ్చి చూపించమనండి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. "ఇంటికెళ్ళాక రాత్రికి ఏది వేసుకుంటావు, తీసి చూపించమ్మా" అనండి. తప్పు తీస్తే అది మనం చెప్పడంలో తప్పు, మళ్ళీ చెప్పాలి.

నెల మందులు మధ్యలో ఆగిపోవడానికి కారణం చాలాసార్లు స్ట్రిప్పు లెక్కే. బీపీ గోలీ 15 ఉన్న స్ట్రిప్పు, షుగరు గోలీ 10 ఉన్న స్ట్రిప్పు. రోజుకి రెండు షుగరు గోలీలంటే నెలకి ఆరు స్ట్రిప్పులు, బీపీవి రెండే. చేతిలో డబ్బు చూసుకుని "అన్నీ రెండేసి ఇవ్వండి" అంటాడు, షుగరు మందు పదో రోజుకే అయిపోతుంది. డాక్టరు చీటీ మీద రోజులే కాకుండా మొత్తం గోలీల సంఖ్య కూడా రాస్తే ఈ గొడవ పోతుంది. డబ్బు సరిపోకపోతే అన్ని మందులూ సమానంగా 15 రోజులకి ఇవ్వండి. స్ట్రిప్పు కత్తిరించాల్సి వస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ముద్రించిన వైపు కాకుండా రెండో వైపు నుంచి కొయ్యాలి, ఆ ముద్ర చివరి గోలీ దాకా మిగలాలి.

స్టాకుకి రెండు డబ్బాల పద్ధతి పెట్టండి. ముందు డబ్బా ఖాళీ అయితే రెండోది తెరుస్తూనే ఆర్డరు చీటీ రాయాలి. రెండో డబ్బాలో ఎంత ఉండాలంటే, రోజుకి 8 స్ట్రిప్పులు పోతూ, సరుకు రావడానికి 3 రోజులు పడితే 24, బంద్‌లకీ వానలకీ ఇంకో రెండు రోజుల 16 కలిపి 40. గడువు ముందు ముగిసేవి ముందు వరసలో. షెడ్యూల్ హెచ్1 మందులకి (కొన్ని యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, అలవాటుపడే మందుల జాబితా) వేరే రిజిస్టరు 2014 మార్చి నుంచి తప్పనిసరి, మూడేళ్ళు దాచాలి. మీ షాపులో అది రోజు చివర ఒకేసారి రాస్తుంటే ఆ పద్ధతి మార్పించండి, డాక్టరు పేరు, రోగి పేరు, పరిమాణం అమ్మేటప్పుడే రాయాలి.

రాయగడ_కౌంటర్ మళ్ళీ అడిగారు:

చాలా కృతజ్ఞతలండీ. ఫైళ్ళ రంగుల ఆలోచన డాక్టరు గారికి బాగా నచ్చింది. గంటల టోకెన్ మాటకి మాత్రం "మన జనం వినరు, సంత రోజు అసలు కుదరదు" అంటున్నారు. ఇంకోటి, మళ్ళీ రమ్మన్న తేదీకి రానివాళ్ళని ఎలా పట్టుకోవాలి? ఫోన్లు చూస్తే ఎవరివో. వైజాగ్ పంపాల్సిన కేసులకి ఆరోగ్య పథకాల కార్డుల గందరగోళం కూడా ఉంది.

జయపురం_అడ్మిన్ జవాబు:

డాక్టరు గారితో వాదించకండి. సంత రోజు ముట్టుకోకండి. వారంలో అన్నిటికన్నా పలచగా ఉండే ఒక్క రోజు తీసుకుని, ఆ రోజు మాత్రమే గంటల టోకెన్ పెడదామని అడగండి. నాలుగు వారాలు. అదే నాలుగు గళ్ళ చీటీతో ముందూ తర్వాతా కొలవండి. ఒకేసారి ఫైళ్ళు, టోకెన్లు, బీపీ బల్ల మూడూ మారిస్తే ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు. నా సలహా అయితే బీపీ బల్ల మొదట, దానికి ఎవరి ఒప్పందమూ అక్కర్లేదు, మర్నాడే తేడా కనపడుతుంది.

రానివాళ్ళ కోసం 31 గదుల చెక్క పెట్టె చేయించండి, వెనకాల 12 నెలల అట్టలు. "20వ తేదీకి రా" అంటే అతని పేరు, ఓపీ నంబరు రాసి మన దగ్గరే ఉంచుకునే చిన్న కార్డు 20వ గదిలోకి. వచ్చినవాళ్ళ కార్డు తీసేస్తే, సాయంత్రానికి గదిలో మిగిలినవే రానివాళ్ళు. మూడు రోజులు చూసి ఫోన్ చేయండి. అవతల ఎత్తింది ఎవరో తెలియదు కాబట్టి "క్లినిక్ నుంచి, సీతమ్మ గారిని ఒకసారి రమ్మన్నారు" వరకే. జబ్బు పేరు, మందు పేరు చెప్పకూడదు. రిపోర్టులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు ఉంటే ఆపండి, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశానికి అది విరుద్ధం. ఫోను లేనివాళ్ళకి ఆశా కార్యకర్తే దారి, రోగిని ముందే అడిగి ఒప్పుకుంటేనే.

టీబీ కేసుల కార్డులు వేరే రంగులో ఉంచండి. ప్రైవేటు క్లినిక్‌లు కూడా టీబీ కేసు తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి, ప్రభుత్వ టీబీ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఎక్కితేనే పేషెంటుకి పోషణ సాయం, 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలు, బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా నంబరు మొదటి రోజే తీసుకోండి. తర్వాత అడిగితే దొరకదు.

వైజాగ్ కేసులకి కౌంటరులోనే ఒక ప్రశ్న: రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది? ఇంట్లో తెలుగు మాట్లాడినా కార్డు ఒడిశాది అయితే ఆంధ్రా ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించదు, ఒడిశా ఆయుష్మాన్ గోపబంధు కార్డు చూపించాలి. ఆంధ్రాలోని కొమరాడ నుంచి వచ్చినవాళ్ళకి సరిగ్గా తిరగేసి. బండి ఎక్కించే ముందే అక్కడి ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేసి, ఈ కార్డు, ఈ జబ్బుకి తీసుకుంటారా అని అడిగి, చెప్పిన మనిషి పేరు, టైము రెఫరల్ లెటర్ వెనకాల రాయండి. లెటర్‌లో జబ్బు, ఇచ్చిన మందులు మోతాదుతో సహా, ఆఖరి డోసు ఎన్నింటికి, ఏ మందు పడదు, రక్తం గ్రూపు తెలిస్తే అది. అన్నీ ఇంగ్లీషులోనే రాయించండి. ఒడియాలో రాస్తే అక్కడ చదివేవాళ్ళు దొరకరు, తెలుగులో రాస్తే భువనేశ్వర్ పంపాల్సి వచ్చిన రోజు అదే ఇబ్బంది.

పర్లాకిమిడి_రికార్డ్స్ జవాబు:

రంగుల టేపు కొనేముందు ఒక మాట. 3కి ఎరుపు, 7కి పచ్చ అన్నది ఉదాహరణకే. నిజంగా కేటాయించేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు నూటికి కొందరుంటారని గుర్తుంచుకోండి. ఫైళ్ళు తీసే అబ్బాయిని ముందే అడిగి చూడండి, లేకపోతే పట్టీ మీద అంకె కూడా మార్కరుతో రాయించండి. నాణ్యమైన టేపే తీసుకోండి, చవకది ఒక్క వానాకాలానికే ఊడి వచ్చేస్తుంది.